నీళ్ళు చూడని స్వెట్టరు

మా అల్లికల గ్రూపులో రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు "పూర్తయింది" అని ఫోటో పెడతారు. ఫోటోలో స్వెట్టరు ఒక్కటే ఉంటే సరిపోదు వీళ్ళకి. పక్కన కాఫీ కప్పు ఉండాలి, కళ్ళజోడు ఉండాలి, ఎవరూ చదవని పుస్తకం ఒకటి బోర్లా తెరిచి ఉండాలి. కింద నూట ఎనభైమంది "అబ్బ, ఎంత బాగుందో" అని రాస్తారు. అది ఏ ఊలు, ఎన్నో నంబరు సూది, నీళ్ళలో వేశాక ఎలా ఉంది అని వాళ్ళలో ఒక్కరూ అడగరు. నేనొక్కణ్ణే అడుగుతాను. "ఉతికారా?" అని ఒక్క మాట రాస్తాను. ఆ ఒక్క మాటకి నన్ను రెండుసార్లు గ్రూపులోంచి తీసేశారు. మూడోసారి మా ఆవిడ పేరు మీద చేరాను.

నేను స్వెట్టర్ల మిల్లులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. మెషిన్ల మీద కాదు, అన్నిటికంటే చివరన ఉండే ఫినిషింగ్ సెక్షన్‌లో. మెషిన్ మీంచి దిగిన స్వెట్టరు నా దగ్గరికి వచ్చేది. దాన్ని తొట్టిలో నానబెట్టాలి, నీళ్ళు పిండాలి, బల్ల మీద పరవాలి, ఆవిరి పట్టాలి, టేపు పెట్టి కొలిచి పంపాలి. నా చదువు ఎనిమిదో క్లాసుతో ఆగింది. అయినా ఊలు వేళ్ళ మధ్య నలిపితే అది గొర్రెదా, నూలా, ప్లాస్టిక్కా, వెదురుదా చెప్పేస్తాను. నీళ్ళలో పడితే ఏది ముడుచుకుపోతుందో, ఏది సాగుతుందో, ఏది రంగు కక్కుతుందో కూడా చెప్తాను. మా సెక్షన్‌లో నీళ్ళలోంచి బయటికొచ్చేదాకా స్వెట్టరు పూర్తయినట్టు రాసుకునేవాళ్ళం కాదు. సూదుల మీంచి దించగానే ఫోటో తీసుకునేవాళ్ళని చూస్తే నాకు, పిండి కలిపి పళ్ళెంలో పెట్టి వంటయిపోయింది రండి అని పిలిచేవాళ్ళు గుర్తొస్తారు.

అలాంటివాళ్ళందర్నీ కలిపి ముద్ద చేసి ఒక్క మనిషిని తయారు చేస్తే, ఆ మనిషి మా తోడల్లుడు.

తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. గోడలకి వేసే రంగుల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు అమ్మకాలు చూసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా ఆ చిన్న చిన్న రంగు చతురస్రాల కార్డు మాత్రం ఆయన బుర్రలోనే ఉండిపోయింది. మనం ఆకాశం నీలంగా ఉందంటే, అది నీలం కాదు, దాని పేరు ఇంకోటి, నంబరు ఇంత అంటాడు. మా ఇంట్లో ఆయన్ని షేడ్ కార్డు అనుకుంటాం, ఎదురుగా కాదులెండి. వయసులో నాకంటే మూడేళ్ళు పెద్ద. వరసలో మాత్రం నేనే పెద్ద, కాబట్టి నన్ను "అన్నయ్యగారూ" అని పిలవాలి. ఆ పిలుపు ఆయన గొంతులోంచి చేపముల్లు బయటికి లాగినట్టు వస్తుంది. ఒకసారి ఆయన పాత ఆఫీసువాళ్ళు నలుగురు కూర్చున్న చోట నన్ను పరిచయం చేస్తూ, మా అన్నయ్యగారు మిల్లులో బట్టలు ఉతికేవారు అన్నాడు. నేను నవ్వాను. అందరూ నవ్వుతున్నప్పుడు మూతి ముడుచుకుని కూర్చుంటే ఇంకా నవ్వుతారని.

ఈయనకి అల్లడం రాదు. సూదికి ఏ కొస పట్టుకోవాలో తెలీదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక భార్య అల్లుతుంటే చూసి చూసి సలహాదారుడయ్యాడు. వీడియోలు చూడ్డం మొదలెట్టాడు. మా మరదలు అల్లినవన్నీ కిటికీ దగ్గర వేలాడదీసి, ఫోటో తీసి, "మా కొత్త ప్రాజెక్టు" అని గ్రూపులో పెడతాడు. ఆ "మా" చూసినప్పుడల్లా నాకు పళ్ళు జివ్వుమంటాయి. ఆ స్వెట్టరులో ఆయన వేసిన కుట్టు ఒక్కటైనా ఉంటే నా చెవి కోసి ఇచ్చేస్తాను.

మా మరదలు సంగతి వేరు. ఆ పిల్ల చేతిలో సూదులు ఉన్నట్టే తెలీదు. టీవీ చూస్తూ, మాట్లాడుతూ, ఒక్కోసారి కళ్ళు మూసుకుని కూడా అల్లుతుంది. ఒక వరస బిగువు, ఒక వరస వదులు అనేది ఉండదు. మిల్లులో మెషిన్లు కూడా అంత సమంగా వెయ్యవు. నేను ఎవర్నీ ఊరికే మెచ్చుకునే రకం కాదు, అడగండి మా ఆవిణ్ణి. మరదలు రెడీమేడ్ బట్టల యూనిట్లో కాలర్లు, గుండీలు చెక్ చేసే పని చేసేది. యూనిట్ మూతపడింది. అప్పట్నుంచీ మూడేళ్ళుగా ఇంట్లోనే ఉంది, షేడ్ కార్డుతో.

ఆ మూడేళ్ళు ఎలా గడిచాయో మా ఆవిడ చెప్తే విన్నాను. గిన్నె ఎటు తిప్పి బోర్లించాలో దగ్గర్నుంచి కర్టెన్ ఎంత తెరవాలో దాకా పొద్దస్తమానం వ్యాఖ్యానమే. చెడ్డవాడని కాదు, తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. నోరు ఆగదు, అంతే. మరదలు ఒకరోజు వాళ్ళక్కతో అందట, "అక్కా, పొద్దున ఎనిమిదింటికి గుమ్మం దాటి, సాయంత్రం దాకా నా పని నేను చేసుకునే చోటు ఒక్కటి కావాలే నాకు. ఇంకేం అక్కర్లేదు."

ఆ చోటు దొరికేలా కనబడింది. చేతిపనుల శిక్షణ కేంద్రంలో అల్లిక టీచరు కావాలని ప్రకటన వేశారు. ఉన్నది ఒక్క పోస్టు. నలభై ఏడేళ్ళు దాటకూడదు. మరదలికి నలభై ఆరు నిండి పది నెలలు. మళ్ళీ ఎప్పుడు వేస్తారో తెలీదు, వేసినా ఆవిడకి పనికిరాదు. ఇదొక్కసారే.

ఆ కేంద్రంలో పరీక్ష రాతపరీక్ష కాదు. అక్కడ ఒక పద్ధతి ఉంది, ప్రకటనలోనే అచ్చు వేశారు. ఒక్కొక్కరూ పెద్దవాళ్ళ సైజు గుండీల స్వెట్టరు ఒకటి నలభై రోజుల్లో అల్లి తేవాలి. ఊలు ఎవరికి వాళ్ళే ఎంచుకోవాలి. స్వెట్టరుతో పాటు పొడవెంత, చేతులెంత, ఛాతీ ఎంత అని ఒక కాగితం రాసివ్వాలి. కేంద్రం పెద్ద మేడమ్ వాటన్నిటినీ గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తువ్వాలులో చుట్టి నీళ్ళు తీసి, బట్టల కొట్లలో నిలబెట్టే బొమ్మలు ఉంటాయి చూడండి, వాటికి తొడుగుతుంది. రెండు రోజులు అలా వదిలేస్తుంది. మూడో రోజు టేపు పెట్టి కొలుస్తుంది. కాగితంలో రాసినదానికీ కొలతకీ అంగుళం మించి తేడా ఉంటే పక్కన పెట్టేస్తుంది. అది చదివి నేను మనసులో ఆ మేడమ్‌కి దణ్ణం పెట్టుకున్నాను. లోకంలో తెలివున్న మనిషి ఒకరు మిగిలారనుకున్నాను.

ఊలు కొనడానికి నలుగురం వెళ్ళాం. మరదలు కొట్లోకి అడుగుపెట్టి తిన్నగా గొర్రె ఊలు ఉన్న అరల దగ్గరికి పోయింది. ఒక ఉండ తీసి మెడకి రాసుకుని చూసింది, గుచ్చుకుంటుందేమోనని. కొస లాగి వదిలింది, వెనక్కి వస్తుందా లేదా అని. పురి విప్పి ఎన్ని పోగులో లెక్కపెట్టింది. పక్కనుండి చూస్తుంటే నాకు ముచ్చటేసింది. రంగు ఏమంత లేదు, మట్టిలో పడుకున్న గొర్రెలా ఉంది. ఇదే తీసుకుంటాను అంది.

షేడ్ కార్డు ముక్కు చిట్లించాడు. ఇది గోనెసంచి రంగు అన్నాడు. పెద్ద మేడమ్ ముందు గోనెసంచి పెడతావా అన్నాడు. పై అర మీద చెయ్యి పెట్టి అక్కడున్న ఊలు చుట్ట ఒకటి దించాడు. వెదురు పోగు, అందులో కాస్త పట్టు కలిపింది. నిగనిగలాడుతోంది. ఆకుపచ్చలోంచి నీలంలోకి జారుతుంది రంగు. దాని పేరు "వెన్నెల్లో నెమలి" అట. పేరు చదివి ఆ మనిషి మొహం వెలిగిపోయింది. ఊలుకి పేరు పెట్టింది ఎవడోగానీ ఇలాంటివాళ్ళు ఉంటారని తెలిసే పెట్టాడు. వెన్నెల్లో నెమలి ఏం చేస్తుందండీ, పడుకుంటుంది.

కొట్టావిడ నెమ్మదిగా, ఇది ఎక్కువగా శాలువాలకి తీసుకెళ్తారండీ అంది. ఆయన వినలేదు.

నేను నోరు తెరిచాను. వెదురు పోగు చల్లగా, బరువుగా ఉంటుంది. దాంట్లో సాగి వెనక్కి వచ్చే గుణం ఉండదు. సాగితే సాగిందే. శాలువాకి ఫరవాలేదు, భుజాల మీంచి వేలాడే స్వెట్టరుకి మాత్రం దాని బరువే దానికి శత్రువు. ఇదంతా చెబుదామని "ఇది..." అన్నానో లేదో,

"అన్నయ్యగారూ, ఉతికే వేళకి మిమ్మల్ని పిలుస్తాంలెండి" అన్నాడు.

కొట్టావిడ నవ్వింది. బిల్లు రాసే కుర్చీలో ఉన్నావిడా నవ్వింది. మా ఆవిడ అటు తిరిగి నవ్వింది, భుజాలు కదలడం కనబడింది నాకు. మరదలు తల దించుకుంది గానీ ఆ పెదాల చివర కూడా కాస్త కదిలింది. నేను తెరిచిన నోరు మూసేశాను. తొమ్మిది చుట్టలు కట్టించాడు. ఎప్పుడూ ఏదీ కొనిపెట్టని మొగుడు అంత మురిపెంగా కొనిస్తుంటే ఆ పిల్ల మాత్రం ఎలా వద్దంటుంది? చేతిలోని గొర్రె ఊలు ఉండని మళ్ళీ తీసిన అరలోనే సరిగ్గా పెట్టేసి వచ్చింది.

అక్కడ్నుంచి ముప్ఫై రోజులు నేను వాళ్ళింటికి వెళ్ళలేదు. ఫోటోలు మాత్రం చూశాను, గ్రూపులో. "మా ప్రాజెక్టు: వెనక భాగం." "మా ప్రాజెక్టు: ఎడమ చెయ్యి." ఎడమ చెయ్యి ఫోటోకి రెండువందల మంది లైకులు. మనిషి లేని చెయ్యికి అన్ని లైకులేమిటో.

తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు, స్వెట్టరు తీసుకుని. అప్పగించడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉంది. మరదలు కవర్లోంచి తీసి సోఫా మీద పరిచింది.

అబద్ధం చెప్పను, అలాంటి పని నేను మిల్లులో కూడా చూడలేదు. ముందు భాగంలో రెండు వైపులా జడల్లా మెలికలు తిరిగిన అల్లిక, మధ్యలో ఆకులు. గుండీల పట్టీ గీత గీసినట్టు ఉంది. భుజాల దగ్గర కలిపిన చోటు వెతికితేగానీ దొరకలేదు. మా ఆవిడ తన చెల్లెలి చేతులు పట్టుకుని, ఇవి చేతులేనా అంది. షేడ్ కార్డు అయితే తనే కన్నట్టు దాని పక్కన నిలబడ్డాడు.

మరదలు నా వైపు తిరిగింది. చేత్తో పట్టుకుని చూడమంది.

రెండు అరచేతుల మీదకీ తీసుకున్నాను. చల్లగా, తడిసిన తువ్వాలంత బరువుగా ఉంది. భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తగానే అర్థమైపోయింది. పొడిగా ఉన్నప్పుడే కిందికి జారుతోంది. తడిపి బొమ్మకి తొడిగి రెండు రోజులు ఉంచితే పొడవు ఆరంగుళాలు పెరుగుతుంది. మనసులో అంకె కూడా వేసేశాను.

"ముక్క అల్లి ఉతికి చూశాను బావగారూ" అంది. "బల్ల మీద ఆరేశాను, ఏం సాగలేదు. మొత్తం స్వెట్టరు కూడా ఒకసారి నీళ్ళలో వేసి చూద్దామనుంది. వెయ్యనా?"

చూడండి, ఆ పిల్ల చెయ్యాల్సింది చేసింది. కొత్త ఊలు అయితే అరచెయ్యంత ముక్క అల్లి, ఉతికి, కొలుచుకోవాలని అల్లేవాళ్ళందరికీ తెలుసు, గ్రూపులోవాళ్ళు చెయ్యరు గానీ. ఆవిడకి తెలియనిది ఒక్కటే. వెదురు పోగు ముక్కని బల్ల మీద పరిచి ఆరేస్తే అది నిజం చెప్పదు. మేం మిల్లులో అలాంటి ముక్కకి కింద నాలుగు ఇనప నట్లు కట్టి, తీగ మీద క్లిప్పులు పెట్టి వేలాడదీసేవాళ్ళం. అప్పుడుగానీ బయటపడదు దాని బండారం. ఈ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

షేడ్ కార్డు అడ్డం వచ్చాడు. ఉతికితే మెరుపు పోతుందన్నాడు. కొత్తగా రంగేసిన గోడని ఎవరైనా బకెట్టు నీళ్ళతో కడుగుతారా అన్నాడు. మేడమ్ ఎలాగూ ఉతుకుతుంది కదా, మొదటి మెరుపు ఆవిడే చూడాలి అన్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, అన్నయ్యగారికి నీళ్ళు కనబడితే చాలు చేతులు దురద పెడతాయి, ఆయన్ని అడక్కు అన్నాడు.

మరదలు ఆయన వైపు చూడలేదు. నా మొహమే చూస్తోంది.

మెరుపు పోదు. ఆ మాట చెప్పొచ్చు. ఒక బకెట్టు నీళ్ళు, రెండు రోజులు కొక్కేనికి, అంతే. సాగినంత సాగాక, చేతులూ అంచూ విప్పి పొట్టి చేసి మళ్ళీ అల్లుకోవడానికి ఆ పిల్లకి నాలుగు రోజులు చాలు. భుజాలకి లోపలివైపు సన్నటి పట్టీ టేపు కుడితే ఇంక కదలదు. కాగితంలో సరైన కొలతలు రాసుకోవచ్చు. అన్నీ నా నాలుక చివర ఉన్నాయి. వాటితో పాటు ఆ కొట్లో నవ్వులు కూడా ఉన్నాయి.

"మీ ఆయన చెప్పాక మధ్యలో నేనెవర్నమ్మా" అన్నాను.

స్వెట్టరు మడతపెట్టి ఇచ్చేశాను. బాగా మడతపెట్టాను కూడా, మా సెక్షన్ మడత. వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ, అందులో ఏమైనా తేడా ఉందా అని అడిగింది. నాకేం తెలుసు, నేను ఉతికేవాణ్ణి అన్నాను. ఆవిడ కాసేపు నా వైపు చూసి గిన్నెలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ తొమ్మిది రోజులూ నేను హాయిగా ఉన్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పొద్దున లేచి టీ తాగుతూ, బొమ్మ మీద స్వెట్టరు మోకాళ్ళ దాకా దిగిపోయినప్పుడు షేడ్ కార్డు మొహం ఏ రంగులోకి మారుతుందా అని ఊహించుకునేవాణ్ణి. ఫోన్ చేసి చెప్పడానికి ప్రతిరోజూ టైము ఉంది. చెయ్యలేదు. మరదలి మొహం ఎలా ఉంటుందో మాత్రం ఒక్కరోజూ ఊహించుకోలేదు. కావాలని మానుకోలేదు, తట్టలేదు, అంతే.

కొలతల రోజు నలుగురం కేంద్రానికి వెళ్ళాం. హాల్లో తొమ్మిది బొమ్మలు వరసగా నిలబెట్టారు, తొమ్మిది స్వెట్టర్లతో. పక్కన ఆ అల్లినవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు. నేను ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాను. ఒకటి ప్లాస్టిక్ ఊలు, గులాబీ రంగు, బకెట్టుకి చేతులు మొలిచినట్టుంది. నీళ్ళలో వేసినా నిప్పుల్లో వేసినా దానికి బుద్ధి రాదు. ఇంకోటి ఎరుపూ తెలుపూ చారలు, ఉతికాక ఎరుపు కక్కి తెలుపంతా దద్దుర్లు లేచినట్టు అయింది. మరొకటి ముడుచుకుపోయి బొమ్మ బొడ్డు దగ్గర ఆగింది. ఆ అల్లినావిడ ఇంటాయన, బొమ్మ లావుగా ఉందని వాదిస్తున్నాడు. నాకు భలే సరదాగా ఉంది అప్పటిదాకా.

మాది ఏడోది. దూరం నుంచే కనబడింది. స్వెట్టరు కాదది, మబ్బు కరిగి బొమ్మ మీద కారినట్టుంది. మెరుపు ఎక్కడికీ పోలేదు, ఇంకా నిగనిగలాడుతోంది. చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. జడ అల్లికలన్నీ సాగి సాగి విప్పిన తాళ్ళలా తయారయ్యాయి. మధ్యలో ఆకులు ఎండు చేపలంత పొడుగయ్యాయి.

పెద్ద మేడమ్ టేపు పెట్టింది. పొట్టి మనిషి, వంగక్కర్లేకుండానే అంచు అందింది. కాగితంలో పొడవు ఇరవై నాలుగు అని చదివింది. కొలిచి ముప్ఫై ఒకటి అంది. చేతులు పద్దెనిమిది, ఇప్పుడు ఇరవై మూడు. గుమాస్తా రాసుకుంది. మేడమ్ స్వెట్టరు అంచు తిప్పి లోపలివైపు చూసింది. భుజం దగ్గర కలిపిన చోటు వేలితో తడిమింది. కళ్ళజోడు తీసి మళ్ళీ చూసింది.

తొమ్మిదింటిలో ఇంత మంచి చెయ్యి ఇంకోటి లేదమ్మా, మొత్తం ఒకసారి ఉతికి చూసుకోలేదా అని అడిగింది. మరదలు లేదండి అంది, అంతే. ఎవరి పేరూ చెప్పలేదు.

అప్పుడు నేను షేడ్ కార్డు మొహం చూశాను. ఇన్ని రోజులు ఎదురుచూసింది దానికే కదా. ఆయన బొమ్మని చూడ్డం లేదు, పెళ్ళాం మొహం చూస్తున్నాడు. చేతిలో ఆవిడ సంచి ఉంది, దాన్ని రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు. చటుక్కున ముందుకెళ్ళి అంతమంది ఎదురుగా అన్నాడు:

"మేడమ్, ఆ ఊలు నేను ఎంచానండి. ఆవిడ వేరేది తీసుకుంది, నేను పెట్టించేశాను. ఉతుకుతానంది, నేనే వద్దన్నాను. ఆవిడ తప్పు లేదు. పది రోజులు టైమివ్వండి, ఆవిడ ఎంచిన ఊలుతో మళ్ళీ అల్లుతుంది."

ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని నాకు తెలీదు. మేడమ్ కోప్పడలేదు. టేపు చుట్టుకుంటూ, రేపు క్లాసుకి వచ్చే పిల్లలు ఇంట్లోవాళ్ళు కొనిచ్చిన ఊలే తెస్తారండీ, అది వద్దు అని చెప్పగలగాలి కదా టీచరు అంది. ఎనిమిదో బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఉద్యోగం తొమ్మిదో స్వెట్టరు అల్లిన ఒక పొట్టి అమ్మాయికి వచ్చింది. మామూలు గొర్రె ఊలు, మట్టి రంగు. అల్లిక ఏమంత గొప్పగా లేదు, ఒక చోట కుట్టు కూడా తప్పింది. కాగితంలో ఎంత రాసిందో అంతే ఉంది.

అంత జరిగినా ఆ మనిషి మీద నాకు చిన్నచూపు పోలేదు. నిజం చెప్పాలి కదా. ఒప్పుకుని ఏం లాభం, అప్పుడు వినుండాల్సింది అనుకుంటూనే ఉన్నాను. ఎప్పుడు వినుండాల్సింది, ఎవరు చెప్పారని వినుండాల్సింది అని నన్ను నేను అడగలేదు.

షేడ్ కార్డు, మా ఆవిడ కలిసి బండి తేవడానికి వెళ్ళారు. వరండాలో బెంచీ మీద నేనూ మరదలూ మిగిలాం. స్వెట్టరు ఇంకా కాస్త తడిగానే ఉంది, ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. అంచు పట్టుకుని కుట్లు లెక్కపెడుతున్నట్టు వేళ్ళు కదులుతున్నాయి.

"ఆ రోజు చేతుల్లోకి తీసుకున్నప్పుడే మీకు తెలిసిందా బావగారూ?"

లేదని చెప్పొచ్చు. నా ఇరవై ఆరేళ్ళు అడ్డొచ్చాయి. ఊలు విషయంలో నాకు తెలీదు అని ఎలా అంటాను? సిగ్గులేని మనిషిని, ఆ క్షణంలో కూడా నా పనితనం గురించే ఆలోచించాను.

"తెలిసింది" అన్నాను.

"ఎంత సాగుతుందో కూడానా?"

"ఆరంగుళాలు అనుకున్నాను."

"ఏడు సాగింది" అంది.

అది కోపంగా అనలేదు. సరిచేసినట్టు అంది, అంతే. తర్వాత ఆ స్వెట్టరుని నాలుగు మడతలు పెట్టింది.

"ఆయనకి తెలీదు. తెలీకుండానే గట్టిగా మాట్లాడతాడు. అది పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు తెలుసు, అందుకే మిమ్మల్ని అడిగాను. మీకు తెలుసు."

ఆ తర్వాత ఇంకేదో అంటుందని చూశాను. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది, పడేవాణ్ణి. బండి వచ్చింది. లేచి వెళ్ళి ముందు సీట్లో మొగుడి పక్కన కూర్చుంది. ఆవిడ ఆ స్వెట్టరుని తీసి ఆయన ఒళ్ళో పెట్టి, పోనివ్వండి అంది.

ఇది జరిగి ఏడు నెలలైంది. వాళ్ళింటికి నాలుగైదుసార్లు వెళ్ళాను. ఒకసారి ముక్కకి బరువు కట్టి వేలాడదీసే పద్ధతి చూపిద్దామని జేబులో ఇనప నట్లు వేసుకుని వెళ్ళాను, వేసుకునే తిరిగొచ్చాను. మరదలు మర్యాదకేం లోటు చెయ్యదు. కుర్చీ లాగి వేస్తుంది, టీ తాగుతారా బావగారూ అని అడుగుతుంది, బిస్కెట్లు పెడుతుంది. ఊళ్ళోవాళ్ళకి చేసినట్టే చేస్తుంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మాత్రం సూదులు ఊలులో గుచ్చేసి సంచిలో పెట్టేస్తుంది. ఏం అల్లుతోందో, ఏ ఊలో, నాకు కనబడదు.

విచిత్రం ఏమిటంటే షేడ్ కార్డుకి ఇప్పుడు నా మీద గురి కుదిరింది. వరండాలో ఆవిడ నాతో అన్న మాట ఆయనకి చెప్పినట్టు లేదు. కిందటి ఆదివారం నన్ను చూడగానే లేచాడు.

"అన్నయ్యగారూ, సమయానికి వచ్చారు. ఈ ఊలు ఒకసారి చేత్తో పట్టుకుని చూసి చెప్పండి" అంటూ సంచి మీద చెయ్యి వేశాడు.

మరదలు ఆయన చెయ్యి పక్కకి తీసి, సంచి జిప్పు మూసింది.